పేదతల్లి వేషం

"ఉతికి గంజిపెట్టిన గౌను వేసుకొచ్చావేమిటి? నేను తీసేది పేదతల్లి ఫోటో!" ఆంబ్రోస్ మండిపడ్డాడు.

స్టూడియో గుమ్మంలో నిలబడ్డ టేమర్ బిడ్డను ఇంకా దగ్గరికి అదుముకుంది.

"ఉన్నవాటిలో మంచిది ఇదేనండీ."

"డోర్కస్! ఈమెకు ఆ చిరుగుల గౌను ఇవ్వు. మొహానికి కాస్త బూడిద పూయి."

డోర్కస్ తన అన్న చెప్పినట్టే చేసింది. లీడ్స్ ఉన్ని మిల్లులో ఒళ్లు హూనం చేసుకునే మనిషికి పేదరాలి వేషం వేయడమేమిటో! ఆమెకు లోలోపల నవ్వొచ్చింది.

ఉయ్యాలలో వేద్దామని బిడ్డను అందుకోబోయింది.

"వద్దమ్మా, నేనే పడుకోబెడతాను."

ఇంతకుముందు తెచ్చిన పిల్లలంతా కాళ్లూ చేతులూ ఆడించి ఫోటోలు పాడుచేశారు. అవతల ఆంబ్రోస్ ఫోటోలు పెట్టాల్సిన ప్రదర్శన ముంచుకొస్తోంది.

"కెమెరా మూత తీశాక నువ్వు కదలకూడదు, నీ బిడ్డా కదలకూడదు. తెలిసిందా?" అన్నాడు ఆంబ్రోస్.

"వీడు కదలడండీ," అంది టేమర్.

ఆంబ్రోస్ ఆమె చేతికి కత్తి, బంగాళాదుంప ఇచ్చి కూర్చోబెట్టాడు. నల్లగుడ్డ కిందికి దూరి చూసి పెదవి విరిచాడు.

"ఉయ్యాల అటు తిప్పు డోర్కస్. ఫోటోలో దాని వెనకవైపు కనిపిస్తే చాలు."

టేమర్ చటుక్కున లేచింది.

"బాబు మొహం పడదు కదండీ!"

"నాక్కావలసింది నీ చేతులు. పనిచేసే చేతులు!"

"కూలి వద్దండీ. మొహం ఒక్కటి పడనివ్వండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"నాకే పని నేర్పుతావా? కూర్చో!"

టేమర్ డోర్కస్ వైపు చూసింది. చెల్లెలు ఒక్క మాట అంటే వినేవాడే ఆంబ్రోస్.

డోర్కస్ ఉయ్యాల తిప్పేసింది.

ఫోటో అద్దంలా వచ్చింది. ఆంబ్రోస్ సంబరానికి పట్టపగ్గాల్లేవు.

"ఎంత బుద్ధిమంతుడే వీడు! కిక్కురుమనలేదు!"

టేమర్ బూడిద కడుక్కుని, తన గౌను వేసుకుని, బిడ్డతో వెళ్లిపోయింది. ఉయ్యాలలో చిన్న మేజోడు ఒకటి ఉండిపోయింది.

"అయ్యో, ఈ చలికి పసివాడి కాలు గడ్డకట్టదూ!" డోర్కస్ అది పట్టుకుని వెనకాలే పరుగెత్తింది.

టేమర్ మిల్లు వాడ వైపు పోలేదు. చర్చి వెనకున్న సమాధుల వైపు తిరిగింది. అక్కడ తవ్విన గుంట పక్కన మూరెడు పెట్టె పెట్టుకుని కాటికాపరి ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"వచ్చావా తల్లీ? ఫోటో తీయించుకొచ్చేదాకా పూడ్చొద్దన్నావని పొద్దుట్నించీ కాసుకున్నాను."

"మొహం పడలేదు తాతా," అంటూ టేమర్ బిడ్డను పెట్టెలో పడుకోబెట్టింది.