అమ్మాయి గోల్‌కు రెండు

"నేను ముంగట ఉండ బాపూ! ఎప్పటిలెక్క ఎనుకనే ఆడుత," హర్షిత బూటుతో నేలను తన్నింది.

"గ్రౌండ్‌ల బాపు కాదు, సార్ అను," కోరుట్ల జట్టు కోచ్ బాలకిషన్ కూతుర్ని కసిరాడు. "రూలు మారిందని నెత్తి నోరు కొట్టుకొని చెప్తున్న గద! గీసారి ఆడపిల్ల కొడితే గోల్ రెండు లెక్క. ఎనుక నిలబడి ఎవలను ఉద్ధరిస్తవే? ఆడ అనీస్ ఉంటడు, నువ్వు ముంగటికి నడువు."

ఆ రూలు పెట్టించింది బాలకిషనే. జట్టుకు నలుగురు అబ్బాయిలు, ఒక్క అమ్మాయి. ఆ నలుగురూ ఆమెకు బంతి అందనిస్తే కదా! టోర్నమెంటు కమిటీ వాళ్ల కాళ్లావేళ్లా పడి సాధించాడు. హైదరాబాదు క్రీడా పాఠశాలకు పిల్లల్ని ఎంచుకోవడానికి వచ్చిన సారు గట్టు మీద కుర్చీలో కూర్చున్నాడు. ఈ ఏడు ఆయన కంట పడకపోతే హర్షితకు అక్కడ చేరే వయసు దాటిపోతుంది. ఆ గుబులుతో పొద్దున్నుంచీ తండ్రికి ముద్ద దిగలేదు.

ఫైనల్ మొదలైనట్టు విజిల్ పడింది. సిరిసిల్ల వాళ్లేం తక్కువ తినలేదు, తమ అమ్మాయినీ తెచ్చి కోరుట్ల గోల్ ముందు నిలబెట్టారు. మధ్యలో ఆడేవాడే లేడు. బంతి అందరి తలల మీదుగా ఈ కొస నుంచి ఆ కొసకు ఎగురుతోంది. ఆటా అది!

సిరిసిల్ల పిల్లవాడు బంతితో దూసుకుపోతుంటే హర్షిత ఆగలేక వెనక్కి ఉరికింది.

"ఏయ్! ఏడికి పోతున్నవే? జాగ ఇడువకు!"

తండ్రి కేకకు ఆగిపోయింది. ఆ బంతి సిరిసిల్ల అమ్మాయికి అందింది. వాళ్లకు రెండు.

తర్వాత అనీస్ వెనక నుంచి తన్నిన బంతి హర్షిత మోకాలికి తగిలి లోపల పడింది. కాసేపటికి ఇంకొకటి, అలాగే. నాలుగు! ఆట ముగిసింది. బాలకిషన్ ఎగిరిన ఎగురుడు చూడాలి.

"కప్పు గెలిచి గా మొఖమేందే?"

"నేనేం ఆడిన? అనీస్ తన్నిండు, నాకు తాకింది," అంది హర్షిత ఏడుపు గొంతుతో.

బాలకిషన్ వినిపించుకోలేదు. గట్టు మీదికి పరుగెత్తాడు.

"సార్, గా రెండు గోల్స్ నా బిడ్డవే సార్!"

"చూసిన. నిలబడ్డది, తాకింది. గసొంటోళ్లు మస్తుమంది ఉన్నరు," అంటూ సారు ఫోన్ తీశాడు. "గీ వీడియో చూడు. పోయినేడు గీ గ్రౌండ్‌లనే ఎవరో దూరంకెళ్లి తీసిండ్రు."

వీడియోలో మొహం ఆనవాలు పట్టేలా లేదు. ఒక పిల్ల వెనక నుంచి ఉరికి వచ్చి, ముగ్గురు మగపిల్లల కాళ్ల నడుమ నుంచి బంతి లాక్కుపోతోంది. ఆ ఉరుకుడు ఎవరిదో కన్నతండ్రికి ఒకరు చెప్పాలా?

"పిల్లగాడైనా పిల్లయినా నాకాడ ఉన్నది ఒక్కటే సీటు, నేనచ్చిందే గీ పిల్ల కోసం," అన్నాడు సారు. "గ్రౌండంత ఎతికినా కనపడకపాయె, ఇగ అనీస్ పేరు రాసి పంపిచ్చేసిన. ఇంతకు గా పిల్ల ఆట బంద్ చేసిందా ఏంది?"