అయిదు నల్ల మరకలు

“తెలుపంతా పోవాలి. మధ్యలో ఆ నల్ల మరకలున్నాయి చూశారా, అవి కూడా కనిపించకూడదు” అంది ఆవిడ, రుమాలు మూట విప్పి లెన్సును బల్ల మీద పెడుతూ.

కెమెరాల మెకానిక్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. పాత లెన్సు. అద్దం మీద ఒక్క గీత లేదు. చేత్తో పట్టుకుని తిప్పడానికి చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఆ తెలుపులో అయిదు చోట్ల నల్లగా ఉంది.

“అవి మరకలు కావమ్మా, రబ్బరు అసలు రంగే అది. ఈ తెలుపు తీసేస్తే అంతా ఒకటే నలుపైపోతుంది. అరగంట కూర్చోండి.”

ఆవిడ కూర్చుంది. పక్క స్టూలు మీద ఆడపడుచు కూర్చుంది. బస్సులో వచ్చినంతసేపూ ఇద్దరూ మాట్లాడుకోలేదని ముఖాలే చెబుతున్నాయి. షాపు నిండా నోళ్లు తెరుచుకుని పడి ఉన్న కెమెరాలు. మెకానిక్ వాటిని పక్కకు జరిపి, పాత టూత్‌బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి, రబ్బరు గాడుల్లో రుద్దడం మొదలుపెట్టాడు.

“మా వాడిదండీ” అంది ఆవిడ, ఎవరూ అడక్కుండానే. “దీని మీద దుమ్ము వాలనిచ్చేవాడు కాదు. నేను పట్టుకుంటే చాలు, ‘అమ్మా, చేతికి నూనేమైనా ఉందేమో చూసుకో’ అనేవాడు. ఫోటోలు తీయడానికని వెళ్తుంటే బస్సు బోల్తా పడింది. ఇది చెక్కుచెదరలేదు, వాడు పోయాడు. ఎనిమిదేళ్లయింది. అప్పటికి ఇరవై నాలుగు నిండలేదు వాడికి.”

మెకానిక్ బ్రష్‌ను మళ్లీ స్పిరిట్‌లో ముంచాడు.

“అన్నయ్య పోయి రెండు నెలలైంది. ఆ సంగతి కూడా చెప్పు వదినా” అంది ఆడపడుచు.

“ఏం చెప్పమంటావు? కొడుకు పోయిన నాలుగో రోజున గడ్డం గీసుకుని ఆఫీసుకెళ్లారని చెప్పనా? కంట్లోంచి ఒక్క చుక్క రాలలేదని చెప్పనా? వాడి వస్తువులన్నీ బీరువాలో పడేసి తాళం వేశారు. ఆ తాళంచెవి స్నానానికెళ్లినా వదల్లేదు. ‘ఒక్కసారి చూస్తానండీ, నా బిడ్డ వస్తువు’ అని కాళ్లావేళ్లా పడ్డాను. ‘చూసి ఏం చేస్తావ్?’ అన్నారు. అంతే.”

“చూస్తే నువ్వు తట్టుకోలేవని అయ్యుంటుంది.”

“మరి ఆయన సంగతి? రోజూ పొద్దున్నే ఆ బీరువా ఉన్న గదిలోకెళ్లి, గడియ పెట్టుకుని, అరగంట పేపరు చదువుకునేవారు. కొడుకు పోయిన వారం కూడా ఆ పేపరు మానలేదు మీ అన్నయ్య. తలుపు బయట కూర్చుని నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే వినబడలేదా? రాయి! ముప్ఫై అయిదేళ్లు రాయితో కాపురం చేశాను.”

ఆడపడుచు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అన్న తరఫున వాదించడానికి ఆమె దగ్గర నోరు తప్ప సాక్ష్యమేదీ లేదు.

“నువ్వెంత తిట్టుకున్నా పడతాను. గోడ మీద వాడి ఫోటో పక్కన అన్నయ్య ఫోటో పెట్టు, అంతకంటే ఏమీ అడగను. ఫ్రేము కూడా నేనే కట్టించి తెచ్చాను. ఒక్క మేకు కొట్టడానికి నీకు మనసొప్పడం లేదు.”

“ఒప్పదు. వాడి పక్కన ఆయనకు చోటు లేదు. నేను బతికుండగా జరగదు.”

ఆవిడది మొండితనం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. దుఃఖంలో తోడు రాని మొగుడి మీద ఎనిమిదేళ్లుగా పేరుకున్న కోపం, మనిషి పోయినంత మాత్రాన పోతుందా?

మెకానిక్ తన పని తను చేసుకుపోయాడు. తెలుపు కరిగి గుడ్డకు అంటుకుంది. మరకలు చుట్టూ తేలిన నలుపులో కలిసిపోయాయి. కాస్త గ్లిజరిన్ అద్ది, మెత్తని గుడ్డతో తుడిచి, లైటు కింద తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా ఆవగింజంత తేడా లేదు. తన పనికి తనే మురిసిపోయి, లెన్సును ఆవిడ చేతిలో పెట్టాడు.

“కొన్న రోజున ఇలాగే ఉంది” అంది ఆవిడ. “ఇప్పుడే ఇక్కడ పెట్టి, వస్తానమ్మా అని బయటికెళ్లినట్టుంది.”

కాసేపు ఏడ్చింది. తర్వాత ఆడపడుచు వైపు తిరిగింది.

“మొన్న ఆ తాళంచెవి నా చేతికొచ్చి బీరువా తీసేదాకా, ఎనిమిదేళ్లూ దీని మీద ఒక్క చెయ్యి పడలేదు. మీ అన్నయ్య పడనివ్వలేదు.”

మెకానిక్‌కు ఇంకొకరి ఇంటి గొడవల్లో తలదూర్చే అలవాటు లేదు. కానీ లెన్సు గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే ఊరుకోలేడు.

“లేదమ్మా” అన్నాడు, బ్రష్ కడుక్కుంటూ. “చెయ్యి తగలకపోతే ఈ రబ్బరు ఆర్నెల్లకే మొత్తం తెల్లబడుతుంది. రోజూ చెయ్యి పడే చోట మాత్రమే నల్లగా ఉండిపోతుంది. మీరు కనిపించకూడదన్న ఆ అయిదూ, మొన్నమొన్నటిదాకా రోజూ దీన్ని పట్టుకుని కూర్చున్న ఎవరో మనిషి వేలిగుర్తులు.”