భవతోష్ సన్యాల్ ఆడిన అబద్ధం

భవతోష్ సన్యాల్ సంస్మరణ సభకు ఝుంపా వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. వెనక వరసలో కూర్చుంది.

వేదిక మీద దర్శకుడి ఫోటోకు రజనీగంధ దండ. పక్కన ఆయన మొదటి సినిమా పోస్టరు. అందులో వానలో తడుస్తూ పగలబడి నవ్వుతున్న ఎనిమిదేళ్ల పిల్ల ఝుంపాయే. ఆ నవ్వుకు పై దేశాల్లో కూడా బహుమతులిచ్చారు.

చచ్చినవాడి కళ్లు చారెడు. మాట్లాడినవాళ్లంతా ఆయన్ని ఆకాశానికెత్తారు.

"ఇన్నాళ్లకు దారి తెలిసిందన్నమాట," అన్నాడు పాత కెమెరామన్ నికుంజ, వెనక్కి తిరిగి. "శాంతిపూర్‌లో పూట గడవని కొంప. తల్లి మంచాన. తీసుకొచ్చి తెర మీద నిలబెట్టాడు మహానుభావుడు. ఒక్క సినిమా చేసి మొహం చాటేసింది. ఆయన ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికైనా రాలేదు."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే," అంది పక్కనున్న మేకప్ ఆవిడ.

నలభై ఏళ్లుగా టాలీగంజ్ సినిమావాళ్లలో ఝుంపాకు ఇదే పేరు. విశ్వాసం లేని మనిషి. ఆమె ఏనాడూ బదులు చెప్పలేదు. ఇవాళ చెప్పి తీరాలనే వచ్చింది.

ఈలోగా నికుంజ మైకు అందుకున్నాడు. భవతోష్ ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్పుకున్న కథే ఎత్తుకున్నాడు.

"ఏడుపు సీను. పిల్లకు ఎంతకీ ఏడుపు రాదు. గ్లిజరిన్ అంటే ఆయనకు గిట్టదు. చెవి దగ్గర వంగి, 'మీ అమ్మ పోయిందే' అన్నాడు. ఇంకేముంది, వెక్కి వెక్కి ఏడ్చింది. షాట్ ఓకే. వెంటనే ఒళ్లో కూర్చోబెట్టుకుని, నోట్లో సందేశ్ మిఠాయి ముక్క పెట్టి, 'ఉత్తిదేనే పిచ్చిదానా' అన్నాడు. మర్నాడూ ఆ మర్నాడూ వానలో ఎలా గెంతిందనుకున్నారు."

హాలంతా నవ్వింది.

"ఆ ఒక్క అబద్ధానికి ఇన్నేళ్లు అలగాలా తల్లీ?" అన్నాడు నికుంజ మైకులోనే. "పోయినవాడి మీద కోపమేంటి? వచ్చి ఒక పువ్వు వెయ్యి."

ఝుంపా వేదికెక్కింది. పువ్వులపళ్లెం పక్కకు జరిపి మైకు తీసుకుంది.

"అలక కాదు నికుంజదా," అంది. "అమ్మ పోయిందని ఆయన చెప్పింది నిజమే, ఆ పొద్దున్నే టెలిగ్రాం వచ్చింది, 'ఉత్తిదే' అన్నదే అబద్ధం, నేను నవ్వాల్సిన సీన్లు ఇంకా రెండు రోజులవి మిగిలున్నాయని."