ఒంట్ల సత్తువ

"సూదికి గింత భయపడ్తవేందమ్మా? ఒక్క చిన్న సీసా నెత్తురే కదా!"

అరుణజ్యోతి ఎంత చెప్పినా తల్లి కౌసల్యమ్మ చెయ్యి చాపలేదు. కొంగు కప్పుకొని, ఎల్బీ నగర్ దవాఖానలో డాక్టర్ ఉదయలక్ష్మి ముందు బిగుసుకొని కూర్చుంది.

అరుణజ్యోతికి ఐదో నెల. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులో పని. ఏడాదిగా మెట్రో మెట్లు పది ఎక్కేసరికి కాళ్లు పీకి, వెనకొచ్చేవాళ్లను దాటిపోనిచ్చి కూలబడుతోంది. అందుకని చేయించిన కండరాల పరీక్ష రిపోర్టు ఇవాళే వచ్చింది.

"మీరు తిండి సరిగ్గా పెట్టలేదని కాదమ్మా," అంది డాక్టర్ మెల్లగా. "తిన్న అన్నాన్ని ఒళ్లు కొవ్వుగా, చక్కెరగా దాచుకుంటుంది. దాన్ని సత్తువగా మార్చేవి కణాల్లో ఉండే మైటోకాండ్రియా. పొయ్యిల్లాంటివనుకోండి. ఈవిడవి సరిగ్గా మండట్లేదు. ఇంట్లో బియ్యం ఉన్నా పొయ్యి వెలగకపోతే పస్తే కదా?"

"నాకే ఎందుకొచ్చింది మేడమ్?"

"ఈ పొయ్యిలు తల్లి నుంచే బిడ్డకొస్తాయి. తండ్రివి రావు. అందుకే అమ్మగారి రక్తం చూడాలంటున్నాను."

అరుణజ్యోతి చేయి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. అంటే, తన నుంచి లోపలి బిడ్డకు కూడా. ఆమె తల్లి వైపు తిరిగింది.

"ఇన్నావా? నీ కాడికెల్లే వచ్చిందంట."

"అవ్ బిడ్డా. తప్పంత నాదే. ఎన్నన్న తిట్టు, పడ్త. నెత్తురు మాత్రం అడగకు."

"తిట్టి నేనేం జేస్త? నా కడుపుల ఉన్నదాని మీదన్న నీకు పానం లేదా?" అనేసింది అరుణజ్యోతి. ఎన్నడూ తల్లిని అంత మాట అనలేదు. అన్నాక ఆమె మొహం చూడలేక తల దించుకుంది.

కౌసల్యమ్మ కళ్లు తుడుచుకోలేదు. డాక్టర్‌నే చూస్తూ అడిగింది. "మేడమ్, జర నిజం జెప్పుండ్రి. గా రిపోర్టు లేకుంటే పిల్లకు నష్టమా?"

"నష్టమేనమ్మా. ఈ జబ్బు వంశంలో ఉందా, ఈవిడతోనే మొదలైందా అన్నది తేలాలి. దాన్నిబట్టే పుట్టబోయే బిడ్డకు ఎంత ప్రమాదమో చెప్పగలను. తప్పుడు రక్తం మీద చెప్తే తప్పుడు మాటే చెప్తాను."

కౌసల్యమ్మ లేచి, కూతురి నెత్తిన చెయ్యి వేసింది. సంచిలోంచి ఫోన్ తీసి ఒక నంబరు నొక్కింది.

నాయినను అడిగి ఒప్పుకుంటుందేమోనని తొంగి చూసింది అరుణజ్యోతి. బాటసింగారంలో ఉండే మేనత్త పేరు కనిపించింది. నాయినకు సొంత చెల్లెలు. ఆమెతో ఇప్పుడేం పని?

అవతల ఫోన్ ఎత్తారు. కౌసల్యమ్మ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"మరదలా, ఉన్నపళంగ దవాఖానకు రా. మన పిల్లకు తల్లి నెత్తురు కావాల్నంట."