ఎవరి కొమ్మ కొట్టాలి?

వార్డులో ముగ్గురు రోగుల్ని చంపిన క్రిమి ఎవరి చేతుల నుంచి వచ్చిందో చెప్పే వంశవృక్షం, రోగుల నుంచీ సిబ్బంది చేతుల నుంచీ తీసిన నమూనాలతో గీసింది, కంప్యూటర్ తెర మీద ఉంది. నేరాన్ని మాత్రం ఎప్పుడో నర్సు నెత్తిన రుద్ది, ఉద్యోగం పీకేశారు. పెద్దవాళ్ల పాపానికి చిన్నవాళ్ల మెడలు ఉన్నాయిగా!

"మరీ గుబురుగా ఉందమ్మా. రేపు విచారణలో అనవసరమైన కొమ్మ కనపడకూడదు," అన్నాడు పెద్ద సర్జన్, తన పేరు మీద వేలు పెట్టి.

"కొట్టేస్తాను సార్," అంది ల్యాబ్ అమ్మాయి.

మర్నాడు విచారణలో తెర మీద నర్సు కొమ్మ లేదు. చనిపోయినవాళ్ల కొమ్మలన్నీ సర్జన్ కొమ్మలోంచే చీలాయి.

"ఆమెది కొట్టేశావేం?"

"ఆ క్రిమికి ఆమెతో ఏ చుట్టరికమూ లేదు సార్. అనవసరం కదా!"

"ముందే నా చెవిన వేయొచ్చుగా!" సర్జన్ పళ్లు నూరాడు.

"మా అమ్మ మీ చెవిన వేసింది కదా సార్, చేతులు కడుక్కుని రోగిని ముట్టుకోమని. అందుకేగా ఆవిణ్ని గెంటేశారు!"