పేరు చెప్పని డాక్టరమ్మ

“రోగి పేరు చెప్పండి డాక్టరమ్మా,” అన్నాడు విక్టర్, మత్తు సూది చేతపట్టుకుని.

బూరుల్ డాక్టరమ్మ కడుపులోకి దించే గొట్టం సవరించుకుంది. “ఈయన పేరే కదా?”

“మరి నా పేరా?”

విక్టర్ మత్తు డాక్టరు. రాజధాని బిష్కెక్ నగరంలో పుట్టి పెరిగిన రష్యావాడు. ఈ నారిన్ కొండల్లోకి వచ్చి వారమైంది. మునుపు పనిచేసిన చోట ఒకాయనకి చెయ్యాల్సింది పక్క మంచమాయనకి చేసేశారు. అప్పట్నుంచి అతనిది ఒకటే పట్టు. గొట్టం పట్టే మనిషి రోగి పేరూ, చేసే పనీ నోరారా చెప్పాలి. చెబితేనే మత్తు.

“ముందు పని చెప్తా,” అంది బూరుల్ గబగబా. “క్లోమం పక్కన పుచ్చకాయంత సంచి కట్టింది. దాన్నిండా చీము. నోట్లోంచి గొట్టం దించి, కడుపు గోడకి లోపల్నుంచే చిల్లు పెట్టి, స్టెంటు బిగిస్తాం. చీమంతా కడుపులోకి దిగిపోతుంది. పైన కోత లేదు, కుట్టు లేదు.”

“భేష్. పేరు?”

“నల్ల గుర్రం ఆయన.”

నర్సు జూరా చటుక్కున గోడకేసి తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి.

“గుర్రం సంగతి కాదమ్మా, మనిషి పేరు!”

“గొర్రె తోక కొవ్వంతా ఒక్కరే కూర్చుని లాగించినాయన. మా కొండల ఉప్పు టీలో ఉప్పు తగ్గితే గిన్నె అవతలికి తోసేసే ఆయన.”

విక్టర్ నోరు తెరిచాడు. రోగి గుట్టంతా తెలుసు, పేరు మాత్రం తెలీదు! ఇదెక్కడి డాక్టరు?

ఎడమ పక్కకి తిరిగి పడుకున్న పెద్దాయన “ఊఁ... ఊఁ...” అంటున్నాడు. పళ్ళ మధ్య ప్లాస్టిక్ అడ్డు పెట్టారు మరి. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఇవాళ ఆ సంచి ఖాళీ కాకపోతే విషం ఒళ్ళంతా పాకుతుంది.

“పోనీ, కాగితం చూసి చదవండి.”

బూరుల్ కాగితం చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. కాగితం తీసి జూరా చేతిలో పెట్టింది. “నువ్వు చదువమ్మా.”

“జూరా కాదు, మీరు!”

“ఆవిడ చెప్పదండీ,” అంది జూరా.

“చెప్పదా? తెలీదా?”

“తెలుసండీ, కానీ...”

విక్టర్ వినలేదు. సూది పళ్ళెంలో పడేశాడు. “అయితే మత్తూ లేదు. కనుమ దాటించి రాజధానికి తోలండి.”

“ఆరు గంటల దారయ్యా!” అంది బూరుల్. “అందాకా ఉంటారా ఆయన?”

“మాట ఒక్కటే కదమ్మా! చెప్పండి!”

బూరుల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదవులు కదిలాయి. మళ్ళీ బిగుసుకున్నాయి.

పెద్దాయన ఒక్క ఉదుటున నోట్లో అడ్డు పీకేశాడు.

“మత్తెక్కించవయ్యా బాబూ, నా గుమ్మం తొక్కి పదకొండేళ్ళయినా మామ పేరెత్తని నా కోడలు నీ రూలు కోసం ఇప్పుడెత్తుతుందా?”