డిప్రెషన్ గురువులు

"డిప్రెషనొచ్చేసింది! తెప్పలు పైకి లాగండ్రోయ్!"

ఆటో ఇంకా ఆగనే లేదు, గురువులు దూకేసి జాలరిపేట ఒడ్డు వెంట పరుగందుకున్నాడు. ఒక చేతిలో చెప్పులు, రెండో చేతిలో కొడుకు వాసు మందుల చీటీ.

వెనకాల దిగిన వాసుకి తల కొట్టేసినట్టయింది. ఆసుపత్రిలో డాక్టరు తనని బయట కూర్చోబెట్టి అయ్యతో పావుగంట మాట్లాడాడు. ఆ పావుగంటలో అయ్యకి అర్థమైంది ఇదా!

ఇరవై రెండేళ్ల వాసు మనసుకి మూణ్ణెల్లుగా ఆటుపోట్లు వేళాపాళా లేకుండా వస్తున్నాయి. పొద్దున్న ఈలేస్తూ వల బాగుచేసినవాడు, మధ్యాహ్నానికి గోడవైపు తిరిగి పడుకుంటాడు. పలకరిస్తే కసురుతాడు. ఎందుకో వాడికే తెలీదు. పేటకి మాత్రం తెలుసు. గాలి సోకిందని అప్పాయమ్మ తేల్చింది. గాలి తిరుగుళ్లని కామరాజు తేల్చాడు. వాసుది అల్పపీడనమో, అల్పుల పీడనమో తేల్చేవాడే లేడు.

అసలు భయం పేరుతోనే. జాలరిపేటలో పేరు పడిందంటే ఇక చచ్చేదాకా వదలదు. ఎప్పుడో పెళ్లిపందిట్లో కాలు జారిన నీలకంఠం, మనవలు పుట్టినా ఇప్పటికీ 'జారుడు నీలకంఠమే'. వాసుకి 'పిచ్చి వాసు' అన్న పేరు అందరి నోళ్లలోనూ నానుతోంది. బయటికి ఉమ్మడమే ఆలస్యం.

"ఏట్రా అలా సూత్తన్నావు? తాడట్టుకో!" గురువులు అరిచాడు.

వాసు తాడు పట్టుకున్నాడు. గురువులు గాలి చూసి చెప్పాడంటే పేటలో రెండో మాట ఉండదు. సాయంత్రం వేటకి సిద్ధంగా ఉన్న పదకొండు తెప్పల్నీ "హైలెస్సా" అంటూ ఇసక మీదికి లాగేశారు. ఆడవాళ్లు ఎండుచేపలు ఎత్తేసి ఇళ్లలోకి పరిగెత్తారు. ఆకాశం మాత్రం నీలిమందు పెట్టి ఉతికినంత తేటగా నవ్వుతోంది.

కామరాజు ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని వచ్చాడు.

"బావా, రేడియోలో వాతావరణం పొడిగా ఉంటాదంతన్నారు. హార్బరు మీద తుపాను జెండా కూడా నేదు. నీకెవుడు సెప్పాడు?"

"డాట్రుబాబు."

"డాట్రుకీ సముద్రానికీ సంబంధమేటి?"

"నాకేటి తెలుసు? 'మీవోడికి డిప్రెషనుంది' అని ఆరే సెప్పారు. మావోడికుంటే మీవోడికుండదేటి? అందరిదీ ఒకటే సముద్రం కదా!"

తెప్పలు ఒడ్డెక్కాయి గానీ జనం తెప్పరిల్లడానికి కాస్త టైము పట్టింది. ముందు నవ్వింది పోస్ట్‌మాన్ అర్జునరావు. సైకిలు వదిలేసి పొట్ట పట్టుకున్నాడు.

"ఓరి బాబోయ్! గురువులు మామా, ఆ డిప్రెషన్ సముద్రానికి కాదు, మనసుకి! మనసు కుంగిపోతాది. జరం లాగే అదీ ఒక జబ్బు. మాత్రలేసుకుంటే మెల్లిగా తగ్గుతాది. మా మేనల్లుడికీ వొచ్చింది, ఇప్పుడు స్టీల్ ప్లాంటులో డూటీ సేత్తన్నాడు."

"మనసులో కూడా వాయుగుండం పడతాదేటి?" గురువులు నోరు తెరిచాడు.

ఒడ్డంతా గొల్లుమంది. అప్పాయమ్మ చేపల గంప దించి మరీ నవ్వింది. "ఓలమ్మో! కొడుక్కి జరమొత్తే పడవల్ని పడకేయించేశాడు! ఈడికంటే పిచ్చోడు ఈ పేటలో ఉన్నాడేటి?"

వాసు నవ్వకూడదనుకున్నాడు. తాడు ఒరుసుకుపోయిన అరచేతులు చూసుకున్నాడు. ఆయాసపడుతూ చీటీతో విసురుకుంటున్న అయ్యని చూశాడు. ఆగలేక నవ్వేశాడు. ఎంతోసేపు కాదు, కాసేపే. కానీ ఆ కాసేపూ వాడి నవ్వుని ఎవరూ వింతగా చూడలేదు. అందరి కళ్లూ గురువులు మీదే ఉన్నాయి మరి.

తెప్పలు గంట ఆలస్యంగా నీళ్లలోకి దిగాయి. గురువులుకి మాత్రం పొద్దుగూకేలోగా పేరు దిగిపోయింది: 'డిప్రెషన్ గురువులు'.

ఆ పేరు పేటంతా పాకింది. టీ బడ్డీ దగ్గర ఆయన కనబడగానే "మామా, ఈయేల పడవలు దించమంటావా, దాచమంటావా?" అనేవాళ్లు. ఆయన గ్లాసులోకి చూస్తూ, "టీలో కూడా సుడి కనబడతంది, జాగర్త!" అనేవాడు.

వాసు సంగతి జ్వరాల్లో కలిసిపోయింది. "మాత్రేసుకున్నావేట్రా?" అని కామరాజు అడగడం, "జరానికి సిగ్గేటి, ఏసుకో" అని అప్పాయమ్మ పీతల పులుసు పంపడం. గోడవైపు తిరిగి పడుకునే రోజులు ఇంకా వస్తూనే ఉన్నాయి. కానీ అలాంటి రోజున ఇప్పుడెవరూ గాలి కబుర్లు చెప్పడం లేదు. "ఈయేల వాసుకి వాతావరణం బాగోనేదంట" అనుకుని గొంతు తగ్గించుకుని వెళ్లిపోతున్నారు.

నెల తిరిగాక వాసు ఒక్కడే ఆసుపత్రికి వెళ్లాడు. నిద్ర పడుతోందన్నాడు, ఆకలేస్తోందన్నాడు. లేవబోతూ తల గోక్కున్నాడు.

"సార్, మా అయ్య సదువుకోనోడు. మీరు సెప్పింది తెలీక, సముద్రానికి డిప్రెషనొచ్చిందని పేటంతా గోల సేసి, నవ్వులపాలైపోయాడు."

డాక్టరు కలం కింద పెట్టాడు.

"తెలీకపోవడమేంటయ్యా? నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, 'ఈ మాట సముద్రానికి కూడా వాడతారు కదా బాబూ' అని రెండుసార్లు అడిగి, ఖాయం చేసుకుని మరీ వెళ్లాడు!"